మతాల గురించి చెప్పడం మత బోధన కాదు

సంపాదకులకు,

నమస్కారం. కడప జిల్లాలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు సోషల్ పాఠం చెప్పి రిటైరయ్యాను. అన్నేళ్ల ఉద్యోగంలో నేను చేయకుండా వదిలేసిన పని ఒకటుంది. దాని గురించే ఈ ఉత్తరం.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని గండికోటకు ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లాం. మాధవరాయస్వామి గుడి చూసి, జామియా మసీదు దగ్గరికి వచ్చేసరికి ఒక అమ్మాయి అడిగింది. "సార్, ఒకే కోటలో గుడి, మసీదు రెండూ ఎట్లా కట్టినారు? వాళ్లు కొట్టుకోలేదా?" మంచి ప్రశ్న. జవాబు కూడా నాకు కొంత తెలుసు. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కాలం, 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకోవడం, యుద్ధమూ సహజీవనమూ రెండూ ఆ రాళ్ల మధ్యే జరగడం, ఇవన్నీ చెప్పి ఉండొచ్చు. కానీ నేను "బస్సుకు టైమవుతోంది, పదండి" అన్నాను. ఏ మాట ఎవరింటికి ఎలా చేరుతుందో, రేపు ఏ తండ్రి హెడ్మాస్టర్ గదికి వచ్చి నిలదీస్తాడో అన్న టెన్షన్. ఆ అమ్మాయి మళ్లీ నన్ను ఏమీ అడగలేదు.

మన టీచర్లలో చాలామందికి ఉన్న భయమే ఇది. బడిలో మతం మాట ఎత్తడమే చట్టానికి విరుద్ధం అనుకుంటాం. రాజ్యాంగంలోని 28వ అధికరణం చెప్పేది అది కాదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన ఉండకూడదంటుంది. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న బడుల్లో తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లవాడినీ మత బోధనలోనో ప్రార్థనలోనో కూర్చోబెట్టకూడదంటుంది. మత బోధన అంటే పిల్లవాడిని ఒక విశ్వాసంలోకి నడిపించడం. మతాల గురించి చెప్పడం వేరు. పక్కింటివాళ్లు రోజా ఎందుకు ఉంటారు, ఎదురింటివాళ్లు గుడ్ ఫ్రైడే రోజు ఎందుకు బాధపడతారు, మన ఇంట్లో ఏకాదశికి ఎందుకు ఉపవాసం ఉంటారు అని తెలుసుకోవడం అది. ఈ తేడాను 1964-66 నాటి కొఠారి విద్యా కమిషనే గుర్తించింది. పెద్ద మతాలన్నిటి గురించీ జాగ్రత్తగా ఏరిన సమాచారాన్ని పౌరశాస్త్రంలోనో సాధారణ విద్యలోనో భాగంగా బడిలో, కాలేజీలో చెప్పాలని సూచించింది. 2002 సెప్టెంబరులో అరుణా రాయ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువు చెప్పడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చింది. అంటే దారి తెరిచే ఉంది. నడవనిది మనమే.

పాఠాలు అసలు లేవని కూడా అనలేను. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వచ్చిన సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో 'మతం - సమాజం' అనే భాగమే ఉండేది. బుద్ధుడు, జైనం, భక్తి, సూఫీలు అన్నీ ఉన్నాయి. నేను పనిచేసిన బడుల్లో ఆ పాఠాలు ఎలా నడిచేవో చెబుతాను. ముఖ్యమైన పదాలకు అండర్‌లైన్, నాలుగు బిట్లు, ఒక పెద్ద ప్రశ్నకు జవాబు, నోట్సు. అష్టాంగ మార్గంలోని ఎనిమిదీ పిల్లలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవారు. అందులో ఒక్కదాన్ని తమ జీవితంతో కలిపి చెప్పమంటే నోరు మెదిపేవారు కారు. ఆ తప్పు పిల్లలది కాదు. బీఎడ్‌లో ఈ పాఠం ఎలా చెప్పాలో మాకు ఎవరూ నేర్పలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు సిలబస్ ఎంతవరకు అయిందని అడిగారే తప్ప, ఈ పాఠం ఎలా చెప్పావని ఒక్కరూ అడగలేదు.

మిగతా చోట్ల పరిస్థితి మరో రకం. ఒక ప్రైవేటు బడిలో దీన్ని నీతిపాఠం చేసి, "అన్ని మతాలూ ఒకటే చెబుతాయి" అన్న ఒక్క వాక్యంతో ముగించడం చూశాను. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ వాక్యం విన్న పిల్లవాడికి ఇక తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. ఇస్లాంలో విగ్రహారాధన లేదు, హిందువులకు విగ్రహంలో దేవుడున్నాడు, జైనులు సృష్టికర్తను ఒప్పుకోరు. ఇవి నిజమైన తేడాలు. తేడాను తేడాగా తెలుసుకుని కూడా అవతలివాడిని గౌరవించడం నేర్పాలి. కష్టమైన పాఠం అదే, దానికి శిక్షణ పొందిన టీచరు కావాలి.

గత ఏడాది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా కూతురి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు మనవడి నోట్‌బుక్ చూశాను. గురుద్వారాకు వెళ్లి వచ్చి, అక్కడ అందరూ నేల మీదే కూర్చుని ఎందుకు భోంచేస్తారో రెండు పేజీలు రాశాడు. అక్కడ 1944 విద్యా చట్టం నాటి నుంచీ బడుల్లో మతాల గురించి చెప్పే ఈ సబ్జెక్టు తప్పనిసరి. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ క్లాసు నుంచి తప్పించవచ్చు. మామూలు ప్రభుత్వ బడులకు ఏం చెప్పాలన్నది స్థానికంగానే తేలుస్తారు. క్రైస్తవ శాఖలతో పాటు ఇతర మతాల ప్రతినిధులు, ఇంగ్లండ్ చర్చి, టీచర్ల సంఘాలు, స్థానిక ప్రభుత్వం అనే నాలుగు వర్గాలు కలిసి కూర్చుని ఒప్పుకున్న సిలబస్ అది. ఐదేళ్లకోసారి దాన్ని మళ్లీ చూడాలి. బాగా చెప్పే బడులకు కాంస్య, రజత, స్వర్ణ స్థాయిల్లో నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

అక్కడ అంతా బాగుందని నేననను. వాళ్ల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ 2024లో ఇచ్చిన నివేదికలోనే చాలా బడుల్లో ఈ పాఠంలో సరుకు చాలడం లేదని రాశారు. నాకు నచ్చింది ఆ మాట బయటికి చెప్పడమే. మన దగ్గర ఈ పాఠం బాగుందా లేదా అని అడిగే మనిషే లేడు.

మనకు ఉన్న సరుకు మాత్రం తక్కువ కాదు. మా జిల్లానే చూడండి. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కుటుంబాలతో వస్తారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు అని వాళ్ల నమ్మకం. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు వెళతారు. బ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లింల ఇంట పుట్టినవాడని ఇక్కడి ముసలమ్మలందరూ చెబుతారు. పెన్న ఒడ్డున దానవులపాడులో జైన ఆలయం శిథిలాలున్నాయి. తెలంగాణ పిల్లలకు మెదక్ చర్చి ఉంది, కొలనుపాక జైన మందిరం ఉంది. నెల్లూరు పిల్లలకు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ ఉంది. ఏ ఊరి బడికి ఆ ఊరే పాఠం. ఎవరు మొదలుపెట్టారు, వచ్చేవాళ్లు ఏం నమ్ముతారు, నమ్మనివాళ్లు ఏమంటారు అని పిల్లలు పెద్దల్ని అడిగి రాసుకొస్తే, అదే ప్రాజెక్టు పని అవుతుంది.

అందుకే రెండు రాష్ట్రాల విద్యాశాఖలను అడుగుతున్నాను. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ ఈ పాఠాల కోసం టీచర్లకు ప్రత్యేకంగా ఒక కరదీపిక తయారుచేయాలి. దాన్ని ఒక్క మతం వాళ్లతోనో, ఒక్క పార్టీ వాళ్లతోనో రాయించకూడదు. అన్ని మతాల పండితులు, ఏ మతమూ లేదనే హేతువాదులు, పాఠం చెప్పే టీచర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాక్యం వాక్యం ఒప్పుకుని రాయాలి. ఆలస్యమవుతుంది, గొడవలూ అవుతాయి. అయినా అలాగే జరగాలి, లేకపోతే ప్రభుత్వం మారినప్పుడల్లా పుస్తకం మారుతుంది. బీఎడ్‌లో ఈ పాఠం మీద మాక్ టీచింగ్ ఉండాలి. పిల్లల ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పిన టీచరు మీద ఫిర్యాదు వస్తే, ముందు పాఠం ఏమిటో చూసి, తర్వాత మాట్లాడే అధికారి కావాలి. ఈ ఒక్కటి ఉండి ఉంటే నేను ఆ రోజు గండికోటలో బస్సు వంక పెట్టేవాణ్ణి కాదు. సెప్టెంబరు 5న ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాల్లో, ఫలితాల శాతంతో పాటు ఈ పాఠాన్ని బాగా చెప్పినవాళ్లనూ గుర్తించాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో గండికోటకు బడిపిల్లల బస్సులు బారులు తీరతాయి. ఆ కోటలోని గుళ్ల గురించి, మసీదు గురించి టీచర్ల చేతిలో పెట్టడానికి ఎనిమిది పేజీల చిన్న పుస్తకం రాయాలని నేను, నాతో పనిచేసిన మరో ఇద్దరు రిటైర్డ్ టీచర్లం అనుకుంటున్నాం. మాలో ఒకరు ముస్లిం, ఒకరు క్రైస్తవులు. విద్యాశాఖ సరేనంటే ఉచితంగా రాసిస్తాం. తప్పులుంటే దిద్దడానికి చరిత్ర తెలిసినవాళ్లు ఎవరైనా ముందుకు రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
కడప