వరద తీసిన తర్వాత పదిహేను రోజులు

ఎడిటర్ గారికి,

నమస్కారం. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరిని ముంచింది. ఆ వానకే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది, హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఇళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు వరంగల్ మళ్లీ నీళ్లపాలైంది. ప్రతిసారీ మొదటి రోజు సాయానికి లోటుండదు. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, దుప్పట్లు కుప్పలుగా వస్తాయి. మూడో రోజుకు గల్లీలోకి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. ఆ ఇంటివాళ్లకు మనుషుల అవసరం మొదలయ్యేది ఆ మూడో రోజునుంచే. చేసే సాయం వరుస తప్పితే నష్టం ఇంకా పెరుగుతుంది కూడా. కరెంటు పని, మేస్త్రీ పని, ఆరోగ్య కేంద్రాల్లో పని చేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఒక్క మాట. మన దగ్గర చెరువులు గొలుసుకట్టు, ఒకటి నిండితే దాని కింది దానికి నీళ్లు వెళ్తాయి. పై చెరువు నిండి మత్తడి (నీళ్లు పొర్లే కట్టడం) దుంకితే ఆ నీళ్లన్నీ కింది చెరువుకు, అక్కడినుంచి నాలాకు, నాలా ఇరుకైన చోట ఇళ్లలోకి వస్తాయి. మీ కాలనీలో వాన తగ్గినా పైన కురిసిన నీళ్లు గంటల తర్వాత అర్ధరాత్రి దిగుతాయి. కాబట్టి మీ పై చెరువు ఏదో తెలుసుకుని, దాని కట్ట దగ్గర ఉండే మనిషి ఫోన్ నంబరు ఒకటి రాసి పెట్టుకోండి. మత్తడి జోరు పెరిగిందని ఆయన చెబితే సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధిలో మీ స్నేహితుడికి ఫోన్ చేస్తే "జాగ్రత్త" అని పెట్టేయకండి, చేయాల్సిన పనులు చెప్పండి. మెయిన్ ఆఫ్ చేయాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని విడిగా ఆపాలి. మెయిన్ దించాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు గోడలో తిరుగుతూనే ఉంటాయి. గ్యాస్ రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌కు మూత బిగించి, కిటికీ ఊచకు కట్టేయాలి, లేదంటే అది తేలిపోతుంది. ఆధార్, పట్టా పాసుపుస్తకం, బ్యాంకు బుక్కు, బీపీ, షుగర్ మందులు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సజ్జ మీదికి ఎక్కించాలి. నీళ్లు అప్పటికే బోర్డు దాకా వచ్చి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే సరఫరా ఆపించాలి. బయటికి నడవాల్సి వస్తే చేతిలో పొడవైన కర్ర ఉండాలి. మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ బురదనీళ్లలో కంటికి కనబడదు, దాన్ని కర్రతోనే పట్టుకోగలం.

ఇక వరద తీసిన తర్వాతి సంగతి. బురద ఎత్తడం కంటే ముందు తేల్చాల్సింది కరెంటు సంగతి. స్విచ్ బోర్డు పైన తుడిచి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి, ఆరిందని మెయిన్ వేసేవాళ్లు ఉన్నారు. బోర్డు ప్లేటు విప్పి చూస్తే వెనక డబ్బాలో పిడికెడు బురద ఉంటుంది. పైపుల వంపుల్లో నీళ్లు నిలిచే ఉంటాయి, వారమైనా అవి వాటంతట అవి ఆరవు. ఎలక్ట్రీషియన్ ప్లేట్లన్నీ విప్పి, బురద తీసి, పైపుల్లో గాలి కొట్టి, వైర్లు ఆరాక 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు నుంచి కరెంటు లీకవుతోందా అని చూసే మీటరు) పరీక్షించాలి. ఏ సర్క్యూట్‌లోనైనా ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే దానికి కరెంటు ఇవ్వకూడదు. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీలను (లోడు ఎక్కువైనా, షాక్ కొట్టినా కరెంటు ఆపే స్విచ్‌లు) ఎండబెట్టి వాడొద్దు, మార్చేయాల్సిందే. లోపలి స్ప్రింగు మెకానిజంలో సన్నటి ఒండ్రు చేరితే షాక్ కొట్టే వేళ అది పడిపోయి కరెంటు ఆపదు. పై అంతస్తు లైన్ విడిగా ఉండి, మెయిన్ బోర్డు మునగకపోతే, ఎలక్ట్రీషియన్ కింది సర్క్యూట్లు విడదీసి పైన వెలుగు ఇవ్వగలడు. ఆ కుటుంబానికి మొదటి రాత్రి దక్కే పెద్ద ఊరట అదే.

ఫ్రిజ్ కంప్రెసర్ మూసి ఉన్న డబ్బా కాబట్టి చాలాసార్లు బతుకుతుంది. దాని పక్కనుండే చిన్న భాగాలు, అంటే దాన్ని స్టార్ట్ చేసే రిలే, వేడెక్కితే ఆపే ఓవర్‌లోడ్, పాడవుతాయి. వాటిని మార్చకుండా ప్లగ్గు పెడితే కంప్రెసర్ కూడా కాలిపోతుంది. బోరు మోటారు నీళ్లలో ఉండటానికే పుట్టింది, దానికి ఏమీ కాదు. గోడకున్న స్టార్టర్ డబ్బాలోని కెపాసిటర్, కాంటాక్టర్ చూపించకుండా బటన్ నొక్కొద్దు. బైకు మునిగితే కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్ చెడితే బీమా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ప్లగ్గు తీయించి, ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మార్పించాలి.

బురద లెక్క చాలామందికి అందదు. పది బై పన్నెండు అడుగుల గదిలో మూడు అంగుళాల బురద నిలిస్తే 30 ఘనపుటడుగులు. బరువు 1,350 కిలోల దాకా ఉంటుంది. తట్టకు 20 కిలోల లెక్కన దాదాపు 70 తట్టలు. ఒక్క గదికే ఇంత! అరవై ఏళ్ల దంపతులు ఈ పని ఎలా చేస్తారు? ఇరుగుపొరుగు చేతులు కావాల్సింది ఇక్కడే. నలుగురైతే ఒకరు పారతో లాగాలి, ఒకరు తట్ట నింపాలి, ఇద్దరు మోయాలి, గంటకోసారి పనులు మార్చుకోవాలి.

ఇందులో ఒక మెలకువ ఉంది. నీళ్లు పూర్తిగా తీయకముందే, ఇంకా రెండంగుళాలు ఉండగానే మొదలుపెట్టాలి. కర్రకు చెక్క పలక కొట్టి, బురదను ఆ నీళ్లతోనే కలుపుతూ లోపలి గదినుంచి వాకిలివైపు నెడితే సగం పని నీళ్లే చేస్తాయి. ఒక్కరోజు ఆగితే అది బంకలా అతుక్కుంటుంది, ఎండిందంటే పలుగు పెట్టాల్సిందే. తీసిన బురద మోరీలోకి నెట్టొద్దు. మోరీ పూడుకుంటే తర్వాతి చిన్న వానకే మళ్లీ ఇంట్లోకి నీళ్లొస్తాయి. రోడ్డు పక్కన కుప్ప వేసి ట్రాక్టర్‌కు ఎత్తించాలి. కుప్పను గోడకు ఆనించొద్దు. కాళ్లకు గమ్ బూట్లు ఉండాలి, చెప్పులు బురదలో ఊడిపోయి మేకులు, గాజు పెంకులు దిగుతాయి. తడిసిన బట్టల మూటలు, కట్టెలు చేత్తో ఎత్తకముందు కర్రతో కదపండి. పాములు, తేళ్లు ఆరిన చోటు వెతుక్కుని అక్కడే చేరతాయి. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు. కరిచిన కాలిని కదలనీయకుండా 108లో నేరుగా పాము విషానికి మందున్న ఆసుపత్రికి చేర్చాలి.

అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నీళ్లు ఒక్కరోజులో తోడేయాలన్న ఆత్రం ప్రమాదకరం. చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు లోపల ఖాళీ చేస్తే బయటి ఒత్తిడికి గోడ లోపలికి వంగొచ్చు. రోజుకు మూడో వంతు చొప్పున తోడి, రాత్రికి నీటి మట్టం గోడ మీద గీసిపెట్టండి. తెల్లారేసరికి అది పెరిగితే ఇంకో రోజు ఆగాలి. జనరేటర్‌ను సెల్లార్‌లోనో వరండాలోనో నడపొద్దు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా చంపుతుంది. పాత మట్టి గోడల ఇళ్లు వానలో నిలబడి, ఎండ కాశాక కూలతాయి. మూలల్లో కొత్త పగుళ్లు కనబడినా, గోడ అడుగు ఉబ్బినా ఆ ఇంట్లో పడుకోనీయకండి. వారం పాటు మీ ఇంట్లో ఒక గది ఇవ్వండి.

తర్వాత తాగునీరు. సంపు మునిగితే మూత తీసి చూసి "తేటగానే ఉంది" అనుకోవద్దు. పక్క డ్రైనేజీ నీళ్లు దానిలో కలిసే ఉంటాయి. పూర్తిగా తోడి, గోడలు రుద్ది కడిగి, మళ్లీ నింపి వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపాలి. అంటే ఐదు వేల లీటర్ల సంపుకు కిలో. ఆ నీటిని పైట్యాంకుకు ఎక్కించి, ప్రతి నల్లా వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, 24 గంటలు ఉంచి, మొత్తం పారబోయాలి. ఆ నీళ్లు తాగొద్దు, పశువులకు పెట్టొద్దు. ఆ తర్వాత నింపిన నీటికి మాత్రం వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. పొడి నేరుగా చల్లితే ముద్దలు అడుగున పడి వృథా అవుతుంది. బకెట్‌లో ముందు కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, నీళ్లు నింపి, పది నిమిషాలు ఆగి, పై తేట మాత్రమే పోయాలి. బ్లీచింగ్ సంచి తెరిచి చాలా రోజులై ఘాటు వాసన తగ్గితే అందులో బలం పోయినట్టే. బురదనీళ్లలో క్లోరిన్ పనిచేయదు, కాబట్టి ముందు పటిక వేసి తేర్చాలి. పరీక్ష చేయించుకునే దాకా తాగే నీళ్లు తెర్ల కాగాక ఒక నిమిషం మరగనివ్వండి.

నేలకైతే ముందు సబ్బునీళ్లతో కడిగి, తర్వాత పది లీటర్ల బకెట్‌కు 150 గ్రాముల బ్లీచింగ్ కలిపి పోసి అరగంట వదిలేయాలి. దానిలో బాత్రూమ్ యాసిడ్ కలపొద్దు, కలిపితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. వరదనీళ్లు తగిలిన బియ్యం, పప్పు, పిండి ఎండబెట్టి దాచుకునే పేదింటిని చూస్తే మనసు తరుక్కుపోతుంది. అయినా అవి పారేయాల్సిందే. ఆ బియ్యం వద్దని చెప్పేవాళ్లు చేతిలో 10 కిలోల బియ్యంతో వెళ్లాలి. దూది పరుపులూ అంతే. గోడలకు రంగు వేయడానికి తొందరపడొద్దు, తడి లోపలే ఉంటే నెలలోపే పెచ్చులూడి చౌడు లేస్తుంది.

ఇచ్చే సామానులో ఆలోచన ఉండాలి. మొదటి రోజు పులిహోర మంచిదే, పెరుగన్నం, గుడ్డు కూర పొట్లాలు మధ్యాహ్నానికే పాడవుతాయి. మూడో రోజునుంచి పనికొచ్చేవి వేరు: పార, తట్టలు, వైపర్, రబ్బరు తొడుగులు, పొడి లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, దోమతెర, ఒక స్టవ్. విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఇవి చిన్న చెంచాలు, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ముప్పు. వరదనీళ్లలో తిరిగినవాళ్లకు రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబారడం కనిపిస్తే ఎలుక జ్వరం కావొచ్చు. బురదలో దిగామన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

కాగితాల పని ఇంటివాళ్లకు తట్టదు, పక్కవాళ్లే పట్టించుకోవాలి. బురద ఎత్తకముందే ప్రతి గది, గోడ మీద నీటి గుర్తు, చచ్చిన పశువు ఫొటోలు తీయండి. రాష్ట్ర విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల్లో బట్టలకు 2,500, గిన్నెలకు 2,500 రూపాయలు పెట్టింది ఇల్లు కొట్టుకుపోతేనో, పూర్తిగా దెబ్బతింటేనో, రెండు రోజులకు మించి మునిగితేనో. కాబట్టి రెండో రోజు, మూడో రోజు కూడా నీళ్లున్నట్టు తేదీతో ఫొటో ఉండాలి. అవే నిబంధనల్లో పాడి పశువుకు 37,500, మేకకు, గొర్రెకు 4,000 రూపాయలు. పూడ్చకముందే పశువైద్యుడిని పిలిపించి కాగితం రాయించాలి. పంటకైతే 33 శాతం, ఆపైన నష్టం నమోదవ్వాలి. సర్వేకు వచ్చిన రోజు రైతు ఇంటి బురదలో ఉంటే పొలం చూపించేవాళ్లు ఉండరు, ఆ పూట పక్క రైతు వెళ్లాలి. తడిసిన పాసుపుస్తకం పుటలు గుంజితే చిరుగుతాయి. మధ్యమధ్యలో పాత పేపరు పెట్టి, నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వండి.

మనుషుల సంగతి చివర రాస్తున్నామని అది చిన్నదని కాదు. వాన చప్పుడుకే లేచి కూర్చునే పిల్లలు, "అంతా పోయింది" అని ఒకే మాట చెప్పే పెద్దలు ప్రతి మునిగిన బస్తీలో ఉంటారు. "ప్రాణాలు దక్కాయి కదమ్మా" అని నోరు మూయించకండి, చెప్పింది వినండి. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ చెప్పరు, మొహమాటపడతారు. "అక్కా, రేపు పొద్దున ఏడింటికి ఇద్దరం పారలు పట్టుకుని వస్తున్నాం" అంటే కాదనరు. పది రోజులు దాటినా నిద్ర, తిండి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ పత్రికను ఒక్కటి కోరుతున్నాం. 1912, 108, 14416 నంబర్లు, సంపుకు బ్లీచింగ్ కొలతలు రెండూ, ఓఆర్ఎస్ కొలత జూన్ మొదటివారంలో జిల్లా పేజీలో అరచేతి వెడల్పు పెట్టెలో వేయండి. కత్తిరించి మీటరు బోర్డు పక్కన, నీళ్లందని ఎత్తులో అతికించుకుంటాం.

ఇట్లు,
కరెంటు, మేస్త్రీ, ఆరోగ్య పనులు చేసే కొందరం,
హనుమకొండ