సోకు బెల్టుకు చెయ్యండి, వాచీకి కాదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా స్మార్ట్‌వాచీ కొనేవాళ్లు ముందు చూసేది డయలు, గోల్డ్ కలర్ చైను. చైను గాజులా వేలాడితేనే అందమని అలాగే వదిలేస్తారు. తర్వాత గుండె లెక్క తప్పు చూపిస్తోందని రిపేరుకు తెస్తారు. చాలావరకు వాచీలో తప్పేమీ ఉండదు. వెనకున్న పచ్చలైటు చర్మంలోకి వెళ్లి, రక్తం పీల్చుకోగా తిరిగొచ్చే వెలుతురు హెచ్చుతగ్గులను బట్టే అది నాడి లెక్కిస్తుంది. సందుంటే బయటి వెలుతురు దూరుతుంది. నడిచేటప్పుడు చెయ్యి ఊగే ఊపునే గుండె దడ అనుకుని అంకె వేసేస్తుంది.

మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారనంత బిగువుగా, చర్మంమీద అచ్చు పడనంత వదులుగా పెట్టుకోవాలి. లింకుల చైనుతో ఇది కష్టం. ఒక లింకు తీస్తే పట్టేస్తుంది, ఉంచితే జారుతుంది. సిలికాన్ బెల్టు నయం. సోకు కావాలంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే, వలలా అల్లిన జాలీ చైను ఉంది. కాకపోతే దాని కొక్కెంలోని అయస్కాంతంతో వాచీలోని దిక్సూచి తికమక పడొచ్చు.

కొనేముందు బెల్టు వెడల్పు అడగండి. 20 లేదా 22 మిల్లీమీటర్లదై, గోటితో లాగితే ఊడే పిన్ను ఉంటే పెళ్లికొకటి, పొద్దుటి నడకకొకటి మార్చుకోవచ్చు. కంపెనీ సొంత కొక్కెమైతే ఆ మోడల్ ఆగిపోయాక బెల్టు కోసం తిరగాల్సిందే. వాచీ బాడీ మీద డబ్బు పోయడం అంతకన్నా దండగ. ఆపిల్ 2015లో 18 క్యారెట్ల బంగారు వాచీని 10 వేల డాలర్ల నుంచి అమ్మింది. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ దానికి ఎక్కలేదు. బంగారం బంగారంగానే ఉంది, లోపలి యంత్రం పాతబడింది!

ఇక నీళ్ల సంగతి. వాచీ మీద నీటి రేటింగుగా రాసే 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతుకు దూకొచ్చని కాదు, కొత్త వాచీని కదపకుండా ఒత్తిడి పెట్టి చూసిన పరీక్ష. దుమ్ము, నీళ్లు దూరవని చెప్పే ఐపీ68 రేటింగు పరీక్ష మంచినీళ్లలో చేసేది, ఉప్పునీళ్లలో కాదు. మైపాడు, కొత్తపట్నం సముద్రంలో దిగినా, రొయ్యల గుంటల్లో చేతులు పెట్టినా మంచినీళ్లతో కడిగి, వెనక చార్జింగు పిన్నులు పొడిబట్టతో తుడిచాకే చార్జింగు పెట్టాలి. ఉప్పుతడిలో కరెంటు పారితే పిన్నులు చిలుమెక్కి, చార్జింగే ఎక్కదు.

షాపులవాళ్లు బెల్టు వెడల్పు, నీటి రేటింగు తెలుగులో రాసి అట్టపెట్టెకు చీటీ అంటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

– వాచీ మెకానిక్కులు, నెల్లూరు