మీ నాయనను బియ్యం కాటా మీద తూచినాం

ఒరే చిన్నోడా,

నిన్న వీడియో కాల్‌లో మీ నాయనను చూసి "సన్నబడినాడు, మంచిదేలేమ్మా, షుగర్ కంట్రోల్‌లో ఉంటుంది" అన్నావే, ఆ మాటకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నీ తప్పేం లేదులే. పక్షవాతం వచ్చి ఆరు వారాలైనా నేనూ అట్లనే అనుకుంటా ఉన్నా. చెయ్యి లేస్తోందా, ఈరోజు ఎన్ని అడుగులు వేసినాడు, ఇవే మా లెక్కలు. ముందు చేర్చిన ఆస్పత్రిలో బీపీ రోజుకు నాలుగుసార్లు చూసినారు గానీ బరువు ఒక్కసారీ చూడలేదు, నిలబడలేని మనిషిని ఎట్లా తూస్తామమ్మా అన్నారు.

పోయిన వారం స్నానం చేయిస్తుంటే మొలతాడు తుంటి కిందికి జారిపోయింది. ఇప్పుడొచ్చే ఫిజియో అమ్మాయికి చెప్తే కసరత్తు ఆపేసి, "ఆంటీ, మీ కుట్టుమిషన్ టేపు ఇట్లా ఇవ్వండి" అని, బాగున్న కాలి పిక్కకు చుట్టింది. 29 సెంటీమీటర్లు. పెద్ద వయసువాళ్లకు 31 కంటే తగ్గితే తిండి చాలక కండ కరుగుతోందేమోనని అనుమానించాలంట. ఇన్నేళ్లు వీధిలో అందరి కొలతలూ తీసినదాన్ని, ఇంట్లో మనిషి కొలత కనిపెట్టలేకపోయినా.

తర్వాత కొర్లగుంట బియ్యం అంగడి కాటా మీదికి కుర్చీతో సహా ఎక్కించినాం. 73 కిలోలు. ఖాళీ కుర్చీ 18. అంటే ఆయన 55. గంగజాతరప్పుడు షుగర్ పుస్తకంలో రాసింది 62! తిండి చాలక మనిషి చిక్కిపోతున్నాడా అని మార్కులేసి చూసేదానికి మస్ట్ అని బ్రిటన్ వాళ్ల పద్ధతి ఒకటుందంట, చూసేది మూడే: ఎత్తుకు తగ్గ బరువుందా, మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా ఎంత తగ్గినాడు, జబ్బు ముదిరి ఐదు రోజులకు పైగా తిండి లేకుండా పోయే పరిస్థితి ఉందా. ఎత్తుకు బరువు సరిపోయింది కాబట్టి అక్కడ సున్నా. అందుకే మనకు చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించింది. తగ్గింది మాత్రం పది శాతం దాటింది, దానికి 2. ఆ 2 వస్తే డైటీషియన్‌ను కలవాల్సిందేనంట. నువ్వు చెప్పిన అల్బుమిన్ పరీక్ష, అదే రక్తంలో ప్రోటీన్ చూసేది, దాని గురించీ ఆ ఫిజియో అమ్మాయిని అడిగినా. ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది తగ్గుతుంది, దాన్నిబట్టి తిండి సంగతి తేల్చలేమనింది.

మెత్తగా పెట్టమన్నారని నేను మూడుపూటలా జావే పోస్తా వచ్చినా, కడుపు నిండేది గానీ కండకు ఏమీ అందలేదు. చాలినంత తినకుండా కసరత్తు చేయిస్తే ఉన్న కండే కరుగుతుందంట, మనం చేసింది అదే. మింగడం మళ్లీ పరీక్ష చేయించినాం. ఇప్పుడు మెత్తటి సంగటిలోకి గట్టి పప్పు, గుడ్డు, పెరుగు. నిన్న ఊరిబిండి పచ్చడి కావాలని అలిగినాడు, అలిగినందుకు నాకు ఎంత సంతోషమైందో.

నువ్వు కొంటానన్న ప్రోటీన్ డబ్బా ఇప్పుడే కొనొద్దు, కిడ్నీ రిపోర్టు చూసి చెప్తామన్నారు. ఆదివారం మళ్లీ కాటా ఎక్కిస్తాం, వస్తే కుర్చీకి ఒక పక్క పట్టుకుందువు.

మీ అమ్మ