కిరసనాయిలు తాగిన పిల్లాడిని కక్కించొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను పిల్లల వార్డులో నర్సుని. పిల్లాడు కిరసనాయిలో పెట్రోలో తాగేశాడని తీరం ఊళ్ల నుంచి, కొండపి వైపు నుంచి ఎత్తుకొచ్చేవాళ్లు చాలామంది ఉప్పునీళ్లు పట్టి, గొంతులో వేలు పెట్టి కక్కించి మరీ తెస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది.

కిరసనాయిలు కడుపులో ఉంటే చేసే చెడు కాస్త తక్కువే. వాంతిలో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే మాత్రం ప్రాణం మీదికి రావడానికి ఒక మిల్లీలీటరు కూడా అక్కర్లేదు. అది ఆముదం కంటే వందల రెట్లు పలచన, తలతన్యత, అంటే ద్రవం పైపొరకుండే బిగువు, నీళ్లలో సగం కూడా ఉండదు, అందుకే ఒకచోట ఆగకుండా సన్నటి గొట్టాల చివరిదాకా పాకిపోతుంది. గాలిగదులు ముడుచుకుపోకుండా లోపల సర్ఫాక్టెంట్ అనే పొర ఉంటుంది, దాన్ని పాడు చేస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఆ పొర చాలక ఊపిరాడదు, అందుకే వాళ్లకు ఆ సర్ఫాక్టెంట్‌నే మందుగా గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి వేస్తారు. ఆ పొర ఎంత విలువైందో వాళ్లని చూస్తే తెలుస్తుంది.

చిక్కటి నూనె ఇంకో రకం. తలంటు పోశాక పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వెయ్యడం, ఏడుస్తుంటే ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టడం మన జిల్లాల్లో ఇంకా ఉంది. నూనె మెత్తగా జారుతుంది కాబట్టి దగ్గు కూడా రాదు, పైగా బిడ్డ వెల్లకిలా పడుకుని ఉంటే ఊపిరితిత్తుల వెనక భాగంలో చేరి అక్కడే ఉండిపోతుంది, తొందరగా కరగదు. జలుబు, దగ్గు తగ్గట్లేదని వారాల తరబడి తిప్పుతుంటారు, నూనె సంగతి అడిగితే గానీ చెప్పరు. అమ్మమ్మలూ, నానమ్మలూ, దయచేసి మానెయ్యండి.

బడ్డీ కొట్ల వాళ్లకూ ఒక మాట: మంచినీళ్ల సీసాల్లో పెట్రోలు పోసి అమ్మకండి. ఇళ్లల్లో డీజిలు, టర్పెంటైన్ కూడా అలా పెట్టకండి, పిల్లలు నీళ్లే అనుకుంటారు.

ఒకవేళ తాగితే ఏమీ పట్టకండి, కక్కించకండి, 108కి ఫోన్ చెయ్యండి. పిల్లాడు బాగానే ఆడుకుంటున్నా, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా కనీసం ఆరు గంటలు ఆస్పత్రిలోనే ఉంచాలి, ఆయాసం తర్వాత మొదలవచ్చు. ఆ సీసా కూడా వెంట తెండి, ఏం తాగాడో డాక్టరుకి తెలియాలి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, ఒంగోలు