పిన్ని నడుం నొప్పి సంగతి

విజయవాడ

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ అందరం కులాసా, చిన్నది బళ్లో చేరింది, ఎండల గురించి గుంటూరోడివి నీకు చెప్పక్కర్లేదు. మిగతా కబుర్లు ఇంకోసారి. పిన్ని స్కానింగ్ రిపోర్టు చూసిన దగ్గర్నుంచి నీకు రాయాలని ఒకటే ఆరాటంగా ఉంది.

"డిస్కు ఉబ్బింది, కింద ఎముకలు అరిగాయి, ఇక అమ్మ మంచమ్మీదేనా?" అని రాశావు. డిస్కంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు. కాదురా! ముందు ఆ మాట పిన్ని చెవిన పడనీకు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగుల లెక్కలన్నీ కూడగట్టి 2015లో ఒక పరిశీలన అచ్చయింది. అరవై ఏళ్లవాళ్లలో వందకి 88 మందికి డిస్కు అరుగుదల ఉంది, 69 మందికి ఉబ్బు ఉంది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. పిన్నికీ అరవై దాటాయి కదా, అరగకపోతేనే వింత. కాల్లోకి దిగే నొప్పి, పాదంలో బలం తగ్గడం లాంటివి ఉండి, అవి స్కానింగులో నొక్కుకున్న నరంతో సరిపోలితే అప్పుడు ఆ కాగితానికి విలువ. ఒక్క కాగితం చూసి మనిషిని మంచాన పడెయ్యకూడదు.

అలాగని నిర్లక్ష్యమూ పనికిరాదు. కసరత్తులతో నొప్పి తగ్గించే ఫిజియోథెరపిస్టు మొట్టమొదట అడగాల్సినవి ఇవి: మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, కూర్చుంటే ఒంట్లో కిందికి ఆనే చోట తిమ్మిరి, కాలు పట్టు తప్పడం. వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి. సాయంత్రం జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎలా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఒకప్పుడు కాన్సర్ వచ్చి ఉండటం, ఇవి ఉన్నా ముందు డాక్టరే. మన వైపు వెన్ను టీబీని అస్సలు మర్చిపోకూడదు. పిన్నికి ఇవేవీ లేవన్నావు, ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మూడు నెలలు దాటిన నొప్పి వేరే జాతి. పిన్నిది నాలుగేళ్లది. ఎప్పుడో పట్టేసిన కండరం మానిపోయి ఉంటుంది, కానీ నరాల వ్యవస్థ ఆ కాపలా మానలేదు. దొంగొస్తే మొరగాల్సిన కుక్క ఆకు కదిలినా మొరుగుతోంది. నొప్పి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, "అంతా నీ మనసులోనే" అన్నవాడి గుమ్మం మళ్లీ తొక్కొద్దు.

నరాలు ఇలా అతిగా మొరుగుతున్నాయని ఎలా పట్టుకుంటారంటే, దూదితో నడుం మీద మెల్లగా రాస్తారు. అదే మంటగా అనిపిస్తే ఒక గుర్తు. తర్వాత మొనదేలిన పరికరంతో చర్మం తెగకుండా ఒకసారి గుచ్చి పదికి ఎంత నొప్పో అడుగుతారు. అదే చోట సెకనుకి ఒకటి చొప్పున పదిసార్లు గుచ్చి మళ్లీ అడుగుతారు. రెండు నుంచి ఏడుకి ఎగబాకిందనుకో, నరాలు నొప్పిని పోగేస్తున్నాయన్నమాట. ముంజేతి మీదా ఇలాగే చూస్తారు. నడుముతో సంబంధం లేని చోట కూడా అంతే ఎక్కితే వ్యవస్థ మొత్తం సున్నితమైపోయిందని అనుమానం గట్టిపడుతుంది. పాతిక ప్రశ్నల పత్రం ఒకటుంది, నిద్ర, అలసట, వెలుతురు పడకపోవడం, ఇలాంటివి. వందకి నలభై దాటితే అనుమానించాలి. అదొక్కటే చూసి తేల్చేస్తే మాత్రం తప్పు, దిగులుతో ఉన్నవాళ్లకీ ఆ మార్కులు వచ్చేస్తాయి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది వంగమన్నప్పుడు మనిషిని చూడటం. ఊపిరి బిగబట్టి, తొడ మీద చెయ్యి ఆనించి, నడుం కర్రలా పెట్టి వంగుతుందా? అదే మనిషి కిందపడ్డ తాళంచెవి తీసుకునేటప్పుడు మామూలుగా వంగితే, ఆపుతున్నది భయం. పిన్ని ఎలా వంగుతుందో నువ్వే చూసి రాయి, చూస్తున్నట్టు తెలియనీకు.

ఇక వైద్యం. పడుకోబెట్టి కరెంటు మిషను తగిలించి, రోజూ వచ్చి ఇదే పెట్టించుకోండంటే లేచి వచ్చెయ్. కాసేపు హాయిగా ఉంటుంది, అంతే, మనిషికి పని మాత్రం అలవాటు కాదు. బెల్టూ అంతే, నెలల తరబడి కడితే అది లేకుండా లేవాలంటేనే భయం పట్టుకుంటుంది.

ఒక పుస్తకం కొను. పిన్ని తిరిగి చెయ్యాలనుకునే పనులు మూడు రాయించు. పొయ్యి దగ్గర నిలబడటం, కింద కూర్చుని పూజ, కొండెక్కి అమ్మవారి దర్శనం, ఏవైనా సరే. ఒక్కోదానికి పదికి ఎంతవరకు చెయ్యగలదో మార్కు వెయ్యాలి. నెల తర్వాత రెండు మార్కులు పెరిగితే దారి సరైనదే.

తర్వాత మూడు రోజులు, నొప్పి పెరగకముందు ఎన్ని నిమిషాలు నిలబడగలదో రాయండి. 12, 9, 15 వచ్చాయనుకో, సగటు 12. అందులో 80 శాతం అంటే సుమారు తొమ్మిదిన్నర, తొమ్మిదితో మొదలుపెట్టండి. తొమ్మిది కాగానే, నొప్పి లేకపోయినా, పెనం మీద దోసె ఉన్నా సరే, కూర్చోవాలి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. వారానికి ఒక నిమిషం పెంచండి. గడియారం చెప్పినట్టు చెయ్యాలి, నొప్పి చెప్పినట్టు కాదు.

తప్పు జరిగేది ఎక్కడో తెలుసా? బాగున్న రోజున. సంక్రాంతి ముందు నొప్పి తగ్గిందని అరిసెలు, జంతికలు, బూజులు, అన్నీ ఒక్కరోజే మొదలెడుతుంది. తర్వాత నాలుగు రోజులు మంచం. లేచేసరికి బలం ఇంకాస్త తగ్గి ఉంటుంది, భయం ఇంకాస్త పెరిగి ఉంటుంది. పిన్ని సంగతి నీకన్నా నాకు బాగా తెలుసు, జంతికల గిద్ద దాచెయ్! నొప్పి కొంచెం ఎక్కి మర్నాటికి సర్దుకుంటే ఫర్వాలేదు. అంతకుమించి ఉంటే కిందటి వారం కొలతకి దిగండి, పూర్తిగా మానొద్దు.

నిద్ర గురించి విడిగా రాయాలి, అది పాడైతే పైవన్నీ సగమే పనిచేస్తాయి. రాత్రి ఎన్నింటికి పడుకుంటోంది, ఎన్నిసార్లు లేస్తోంది, పుస్తకంలోనే...

బస్సు టైమైంది, పరిగెత్తాలి. నరాల నొప్పికి పిన్ని వాడే ఆ ప్రీగాబాలిన్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, రాసిన డాక్టరునే అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. మూడు రోజుల నిమిషాలు రాసి పంపు, వెంటనే.

నీ
గోపీ