మడ అడవిలో గుడారాలు వేసే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

కోరంగి మడ అడవుల అంచున రాత్రి బసకు గుడారాలు వేస్తే పర్యాటకం పెరుగుతుందన్న మాట మా కాకినాడలో తరచుగా వినిపిస్తోంది. ఆ ఆలోచన తప్పని నేను అనను. మడ అడవి అంటే సముద్రపు పోటు నీళ్ళలో పెరిగే అడవి, దాన్ని ఒక్క పూటలో చూసి వచ్చేస్తే చూసింది సగమే. ఆటూ పోటూ రెండూ కళ్ళారా చూడాలంటే అక్కడే పొద్దు గూకాలి, అక్కడే తెల్లవారాలి. కానీ గుడారాల కంటే ముందు కట్టుబాట్లు రావాలి, వాటిని ఓపికగా చెప్పే మనుషులు రావాలి. ఈ వరస తిరగబడితే పాడయ్యేది అడవే. అమెరికాలోని ఎవర్‌గ్లేడ్స్ జాతీయ వనంలో గుడారం వేసుకుని ఉండి వచ్చాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. మీ పత్రిక ద్వారా నలుగురితో పంచుకోవాలనిపించింది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉన్నంత కాలం పిల్లల్ని కోరంగి అడవి పక్కనున్న చొల్లంగి తీసుకువెళ్ళి మడ చెట్లు చూపించడం నాకు ఇష్టమైన పని. మా అమ్మాయి, అల్లుడు ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటారు. మొన్న శీతకాలం వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు, డిస్నీ బొమ్మల లోకం ఎలాగూ చూశాం కదా, నాకు నచ్చే చోటు ఏదైనా చూపించమని అడిగాను. అల్లుడు ఎవర్‌గ్లేడ్స్ అన్నాడు.

ఆ వనం 1947లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 15 లక్షల ఎకరాలు. అంటే 235 చదరపు కిలోమీటర్ల మన కోరంగి అభయారణ్యం వంటివి పాతికదాకా అందులో ఇమిడిపోతాయి. హోమ్‌స్టెడ్ అనే ఊరి కూరగాయల తోటలు దాటితే వనం ముఖద్వారం వస్తుంది. అక్కడి నుంచి దక్షిణ కొసన ఉన్న ఫ్లమింగో దాకా 38 మైళ్ళ రోడ్డు. ఆ దారిలో ఒక్క దుకాణం లేదు, ఒక్క హోర్డింగు లేదు. మొదట కనుచూపు మేర నీళ్ళలో నిలబడిన రంపపు అంచుల గడ్డి, మధ్యమధ్య పైన్ చెట్ల గుంపులు, తరువాత మెల్లగా మడ చెట్లు. నేల ఎత్తు కొద్ది అంగుళాలు మారితే చాలు, చెట్టు మారిపోతుంది. ఈ సంగతిని తరగతి గదిలో నల్లబల్ల మీద గీసి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! కారు కిటికీలోంచి అది కళ్ళ ముందు జరుగుతుంటే మాట రాలేదు.

ఫ్లమింగో ఇంకా కొన్ని మైళ్ళుందనగా వెస్ట్ లేక్ అనే సరస్సు దగ్గర మడ చెట్ల నడుమ చెక్క బాట వేశారు. అక్కడ ఎర్ర మడ, నల్ల మడ, తెల్ల మడ, బటన్‌వుడ్ అనే నాలుగు రకాలు ఒకే చోట కనిపిస్తాయి. వాళ్ళ ఎర్ర మడ మన ఉప్పు పొన్నకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. అవే ఊత వేళ్ళు, చెట్టు మీద ఉండగానే మొలకెత్తి ములక్కాడల్లా వేలాడే అవే గింజలు. వాళ్ళ నల్ల మడ, మన తీరాన పెరిగే తెల్ల మడ, నల్ల మడ కూడా ఒకే ప్రజాతివి. బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన శ్వాస వేళ్ళు చూడగానే చొల్లంగిలో ఉన్నట్టే అనిపించింది. ఆకు తెంపకుండా, వేలితో దాని ముఖం మీద నిమిరి నాలుకకు తాకించాను. ఉప్పు! వేరు లోపలికి లాగిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. మా పిల్లలకు ఎప్పుడూ చేయించే పరీక్షే అది. మనవరాలి చేత కూడా చేయించాను. "అమ్మమ్మా, చెట్టుకు చెమట పడుతుందా?" అంది. ఎనిమిదేళ్ళ పిల్లకు అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఇక బస సంగతి. ఫ్లమింగోలో సముద్రం ఒడ్డునే విశాలమైన పచ్చిక మైదానం ఉంది. ముందుగా స్థలం కేటాయింపు చేయించుకుని, మనకిచ్చిన అంకె ఉన్న చోటే గుడారం వేసుకోవాలి. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, స్నానాల గదులు ఉన్నాయి. రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు. నిజంగానే ఎవరూ చేయలేదు. పాట పెట్టినవాళ్ళు లేరు. ఆ నిశ్శబ్దంలో నీళ్ళలో చేప ఎగిరిపడిన చప్పుడు గుడారంలోకి వినిపించింది.

తిండి విషయంలో వాళ్ళ పట్టింపు చూసి మా వారు మొదట విసుక్కున్నారు. రకూన్ అనే జంతువు ఉంది, పిల్లికంటే కాస్త పెద్దది, ముందు కాళ్ళతో మూతలు తీయగలదు. అందుకని తిండి సామాన్లే కాదు, తాగే నీళ్ళు కూడా కారులోనో గట్టి పెట్టెలోనో పెట్టి మూయాలి. పులిహోర డబ్బా, అప్పడాల పొట్లం, చివరికి పచ్చడి సీసా కూడా రాత్రి కారు డిక్కీలోకి వెళ్ళాయి. కారుకూ రక్షణ కావాలి. అక్కడి రాబందులకు కారు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు పీకే అలవాటుంది. కొన్ని చోట్ల వనం వాళ్ళే టార్పాలిన్లు, కొక్కేల తాళ్ళు ఉంచుతారు. కారుకు దుప్పటి కప్పినట్టు కప్పి కట్టుకోవాలి. పక్షిని కొట్టడం, తరమడం లేదు. పక్షి ఉన్న చోటికి మనం వచ్చాం కాబట్టి జాగ్రత్త పడవలసింది మనమేనన్నది అక్కడి పద్ధతి. ఇది నాకు చాలా నచ్చింది.

మర్నాడు పడవల రేవు దగ్గర ఒక మొసలి ఒడ్డున నోరు తెరుచుకుని పడుకుని ఉంది. బూడిద రంగు, సన్నని మూతి. వనంలో అంతకు ముందు మేం చూసిన ఎలిగేటర్ నల్లగా, వెడల్పు మూతితో ఉంది. ఈ రెండు జాతులూ సహజంగా కలిసి బతికే చోటు ప్రపంచంలో దక్షిణ ఫ్లోరిడా ఒక్కటే. మనవరాలు చేతిలో బిస్కట్టుతో కాస్త ముందుకు జరిగింది. ఏకరూప దుస్తుల్లో ఉన్న ఉద్యోగిని ఒకామె వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెప్పింది: పదిహేను అడుగుల కంటే దగ్గరికి వెళ్ళకూడదు, తినడానికి ఏమీ వేయకూడదు, తిండి పెట్టే మనుషులకు అలవాటు పడ్డ జంతువుకు భయం పోతుంది, భయం పోయిన జంతువును చివరికి చంపవలసి వస్తుంది. కసిరింది లేదు, జరిమానా మాట ఎత్తింది లేదు. ఆ పిల్ల ఆ రోజంతా మాకే నిబంధనలు చెప్పింది. నేను కోరుకునే మనిషి ఆమె. బోర్డు మీద పది వాక్యాలు రాసినా ఇంత పని జరగదు.

ఇంకా లోపలికి వెళ్ళి ఉండాలనుకునే వాళ్ళకు మరో పద్ధతి ఉంది. అల్లుడు, అతని స్నేహితుడు చిన్న దోనెలో తెడ్లు వేసుకుంటూ హెల్స్ బే దారిలో పెర్ల్ బే దాకా వెళ్ళి ఒక రాత్రి ఉండి వచ్చారు. మడ చెట్ల మధ్య ఆ నీటిదారి ఎంత మెలికలు తిరుగుతుందంటే, తెల్లని గొట్టాలు పాతి అంకెలు వేయకపోతే తిరిగి రావడం కష్టం. అక్కడ గుడారం వేయడానికి నేల లేదు. నీళ్ళ మీద స్తంభాలెత్తి చెక్క అరుగు కట్టి, పైన కప్పు వేశారు. చికీ అంటారు. సెమినోల్ అనే అక్కడి ఆదివాసుల ఇళ్ళ తీరు అది. మేకులు కొట్టకూడదు, మంట వేయకూడదు. మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, మంచినీళ్ళు మోసుకెళ్ళాలి. చెత్తంతా మళ్ళీ దోనెలోనే వెనక్కి తేవాలి. అరుగు పక్కన ఒక మరుగుదొడ్డి ఉంటుంది. ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. ఏ రాత్రి ఏ అరుగు మీద ఎవరున్నారో వనం వాళ్ళకు తెలిసి ఉంటుంది. ఆ అరుగు ఎంతమందికని కట్టారో అంతమందే. సెలవు రోజని, పండగని మినహాయింపు లేదు.

అమెరికాలో పిల్లలున్న పాఠకులకు ఒక ముఖ్యమైన మాట. మన తల్లిదండ్రులు ఎక్కువగా మే నెలలో వెళ్ళి అక్టోబరులోగా వచ్చేస్తారు. ఎవర్‌గ్లేడ్స్‌కు ఆ కాలంలో వెళ్ళవద్దు. వానాకాలపు ఫ్లమింగో దోమల రాజ్యం. దోమల తీవ్రత చూపించే ముల్లు గల పలకనే అక్కడ పెట్టారంటే ఊహించుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. అప్పుడైనా సాయంత్రం నుసుములు ముసురుతాయి. నిండు చేతుల చొక్కా, సన్నని కన్నుల దోమతెర తప్పనిసరి.

ఈ క్రమశిక్షణ ఆ నేలకు ఊరికే రాలేదు. నూట పాతికేళ్ళ కిందట ఆడవాళ్ళ టోపీలకు తెల్ల కొంగల ఈకలు పెట్టుకోవడం గొప్పగా ఉండేది. ఆ ఈకలు బంగారంతో సమానంగా అమ్ముడుపోయేవి. గూళ్ళలో పిల్లలున్న కొంగల్ని వేలకు వేలు కాల్చి చంపారు. వాటిని కాపాడటానికి నియమించిన గై బ్రాడ్లీ అనే కావలి ఉద్యోగి ఫ్లమింగో వాసి. 1905 జూలైలో ఈకల వేటగాడొకడు అతన్ని కాల్చి చంపాడు. హంతకుడికి శిక్ష పడలేదు. ఇప్పుడు ఫ్లమింగోలోని సందర్శకుల కేంద్రం అతని పేరు మీదే ఉంది. మా వారు అక్కడ చాలాసేపు నిలబడిపోయారు.

వాళ్ళవీ అన్నీ ఒప్పులు కావు. ఒకీచోబీ సరస్సు నుంచి దక్షిణానికి పరుచుకుంటూ వచ్చే మంచినీటిని గత శతాబ్దంలో కాలువలు, కట్టలతో పక్కకు మళ్ళించారు. వనం ఎండింది, ఉప్పు లోపలికి చొచ్చుకొచ్చింది. దాన్ని సరిదిద్దే పథకానికి 2000లో చట్టం చేశారు, పని ఇంకా సాగుతూనే ఉంది. 2017లో ఇర్మా తుపాను తరువాత, లోపలికి వచ్చిన ఉప్పునీరు బయటికి పోయే దారి లేని పల్లాల్లో మడ చెట్లు విరగకుండానే, వేళ్ళకు గాలి అందక చచ్చిపోయాయి. తెల్లబడిన ఆ మోళ్ళను చూశాను. కోరంగిలో ఏ కట్టడం తలపెట్టినా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. కోరంగికి మంచినీరు తెచ్చే గోదావరి పాయ గౌతమిలో వరద నెలలు దాటాక ధవళేశ్వరం ఆనకట్ట కిందికి దిగే నీరు స్వల్పం. ఉన్న కాస్త నీటికీ, పోటుకూ మట్టిరోడ్డో వాహనాల మైదానమో అడ్డం వస్తే, ఒక్క కొమ్మ నరకకుండానే అడవిని చంపినవాళ్ళమవుతాం.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన మన కోరంగిలో బావురు పిల్లి ఉంది, నీటి కుక్కలున్నాయి. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి ఇసుక తిన్నెల మీదికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనం ఇప్పుడేం చేస్తున్నాం? కార్తీకంలో వనభోజనాలకు వచ్చినవాళ్ళు చెక్క బాట మీద చిప్స్ పొట్లాలు విప్పుతారు. ఖాళీ పొట్లం శ్వాస వేళ్ళకు తగులుకుంటే, మళ్ళీ పోటు వచ్చి తేల్చుకుపోయేదాకా అక్కడే ఉంటుంది. పడవలో ఫోను పాటలు పెద్దగా పెడతారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని వాళ్ళకు ఎవరూ చెప్పరు. వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెప్పేవాళ్ళు లేరు.

చెప్పగల మనుషులు మాత్రం మనకున్నారు. గోదావరి, కృష్ణా ముఖాల్లో పాడైన మడ నేలల్లోకి పోటు నీరు ఎక్కడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మొక్కలు నాటిన పని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల వాళ్ళు కలిసి చేశారు. ఆ కాలువలు తవ్విన చేతులు, వాళ్ళ పిల్లలు ఇప్పటికీ తాళ్ళరేవు, కోరంగి చుట్టుపక్కల ఉన్నారు. ఏ పాయలో ఏ పూట ఎంత నీరుంటుందో వాళ్ళకు పుస్తకం అక్కరలేదు. గుడారాలకు పెట్టే సొమ్ములో మొదటి వాటా వీళ్ళకు శిక్షణ ఇచ్చి, నెల జీతం మీద మార్గదర్శకులుగా పెట్టుకోవడానికి ఖర్చు చేయండి. చెక్క బాట మొదట్లోనే తిండి పొట్లాలు దాచుకునే అరలు పెట్టండి. ఇంజను పడవలు తిరగని పాయలు కొన్నిటిని తెడ్డు దోనెలకే వదలండి. తాబేళ్ళ నెలల్లో హోప్ ఐలాండ్‌లో రాత్రి దీపం వెలగనివ్వకండి. ఇవి ఒక ఏడాది సవ్యంగా నడిస్తే, అప్పుడు అభయారణ్యం హద్దు బయట, గట్టి నేల మీద, పది గుడారాలు వేయండి. మొదటి వరసలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల్ని ఉంచండి. పదకొండోది అడిగితే లేదనండి.

ఈ విషయం మీద కార్తీకం రాకముందే చొల్లంగిలో అధికారులు, మత్స్యకారులు, ఉపాధ్యాయులు కలిసి కూర్చుంటే బాగుంటుంది. మార్గదర్శకుల శిక్షణ మొదలుపెడితే చెట్ల సంగతి చెప్పే పాఠం నాకు అప్పగించండి. వారానికి రెండు పూటలు వచ్చి చెబుతాను, జీతం వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
కాకినాడ