నిమ్మచెట్టు కందిరీగకు పేరు చెప్పిన సార్‌కి

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) వైపు వెళ్లే మీకు ఇది కంటబడితే చాలు.

బ్రాడీపేటలో మా డాబా మీది నిమ్మచెట్టుకి సీతాకోకచిలుక ప్యూపా (గొంగళిపురుగు చిలుకగా మారే దశ) కనిపిస్తే, పిల్లలు చూస్తారని సీసాలో పెట్టాం. చిలుక రాలేదు. ప్యూపాకి బెజ్జం చేసుకుని నల్లటి బుల్లి కందిరీగ బయటికొచ్చింది.

ఇదేంటని అడిగితే మీరు కోరిన ఫొటో ఒక్కటే: పక్క నుంచి, వెనక కాలు కనిపించేలా. ఉబ్బిన తొడ, దాని అడుగు అంచున రంపంలా చిన్న పళ్ల వరస, పసుపు మచ్చలు. చూడగానే బ్రాకీమీరియా ప్రజాతి (జీనస్), చాల్సిడిడే కుటుంబం అన్నారు. జాతి (స్పీషీస్) పేరు మాత్రం మైక్రోస్కోపు కింద పెట్టకుండా చెప్పనన్నారు. ఫొటో చూసి టకామని పేరు తగిలించేసే ఈ రోజుల్లో ఆ మాటకే మీకు దండం పెట్టాలనిపించింది.

దాన్ని ఆల్కహాల్‌లో వేయించి, లేబుల్ పెన్సిల్‌తో రాయించారు (పెన్ను సిరా కరిగిపోతుందట): ఊరు, తేదీ, ఏ మొక్క, ఏ ప్యూపా. ఖాళీ ప్యూపా కూడా దాచమన్నారు. ఏ పురుగులోంచి వచ్చిందో తెలియకపోతే రికార్డు సగమేనన్నారు.

కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు, దానికి మా అమ్మ ఇంకా నన్నే తిడుతోంది. చాలా థాంక్స్ సార్.